తిండిగింజల యుద్ధం: కాటలోనియా తీరగాథ – 6వ భాగం

గత భాగాన్ని మయోర్కా విజేత జౌమె మహారాజు 1276లో కన్నుమూయడంతో ఆపాం. జీవితమంతా గుర్రం మీదే గడిపి సంపాదించిన రాజ్యాన్ని ఆయన ఇద్దరు కొడుకులకు పంచి పోయాడు. పెద్దవాడు పెరెకు అరగాన్, కాటలోనియా, వలెన్సియా వచ్చాయి. చిన్నవాడు, తండ్రి పేరే పెట్టుకున్న జౌమెకు, మయోర్కా దీవులు, పిరెనీస్ కొండలకు ఉత్తరాన పెర్పిన్యాన్ చుట్టూ ఉన్న నేల, మాంట్‌పెల్లియర్ దక్కాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 1279లో, అన్న తమ్ముడి మెడలు వంచి సామంతుడిగా ఒప్పందం రాయించుకున్నాడు. తమ్ముడు సంతకం చేశాడు కానీ ఆ మంట చల్లారలేదు. అదే ఏడు పెరె ఎంపొర్దా తీరాన పలమోస్ అనే కొత్త రేవుకు పట్టా ఇచ్చాడనీ చెప్పుకున్నాం. తమ్ముడి కడుపుమంట, అన్న కట్టిన రేవు, రెండూ ఈ భాగంలో మళ్ళీ ఎదురవుతాయి.

పలమోస్ నుంచి ఉత్తరంగా, కొండ అంచునే సాగే కాలిబాట పట్టుకుని కలెల్యా అనే పల్లెకారుల ఊరి వైపు నడిస్తే, కుడిచేతి వైపు సముద్రంలో నాలుగు రాళ్ళు తేలినట్టు కనిపిస్తాయి. వాటిని ఫోర్మిగెస్ దీవులంటారు. చెట్టూ చేమా లేదు, మనిషి మసలడు, ఒక చిన్న దీపస్తంభం మాత్రం ఉంది. వేసవిలో ఈతకొచ్చిన జనం వాటి వైపు తల తిప్పి కూడా చూడరు. 1285లో ఫ్రాన్సు రాజు కూడగట్టుకొచ్చిన మహాసైన్యం నడుం విరిగింది ఆ రాళ్ళ దగ్గరే.

ఈ తగువు మూలం తెలియాలంటే పెరె పెళ్ళి దగ్గరికి వెళ్ళాలి. 1262లో ఆయన సిసిలీ రాజు మన్‌ఫ్రెడ్ కూతురు కొన్‌స్తాంసాను చేసుకున్నాడు. నాలుగేళ్ళకే ఆమె పుట్టిల్లు కూలింది. ఫ్రాన్సు రాజు తమ్ముడు ఆంజూ చార్లెస్ పోపు అండతో ఇటలీ మీదికి దండెత్తి, 1266లో బెనెవెంతో దగ్గర మన్‌ఫ్రెడ్‌ను చంపి గద్దె ఎక్కాడు. ఆ వంశంలో మిగిలిన పదహారేళ్ళ కుర్రవాడు కొన్రాదిన్‌ను 1268లో నేపుల్స్ సంతచౌకులో తల నరికించాడు. ఇక ఆ ఇంటి హక్కులన్నీ కొన్‌స్తాంసాకే మిగిలాయి. సిసిలీలో ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళు, తలలు దాచుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆమె కొలువుకు చేరారు. పెళ్ళికూతురి వెంట అరణంగా వచ్చిన దాది బెల్లా తన కొడుకునూ తెచ్చుకుంది. అతని పేరు రొజేర్ ద లూరియా. కాటలోనియాలో పెరిగిన ఆ పిల్లవాడే తర్వాత మధ్యధరా సముద్రం మొత్తాన్నీ వణికించిన నౌకాధిపతి అయ్యాడు.

1282 ఈస్టర్ మర్నాడు పలెర్మో పొలిమేరలో, సాయంకాల ప్రార్థన వేళ, ఫ్రెంచి సిపాయి ఒకడు స్థానిక స్త్రీ మీద చెయ్యి వేశాడని గొడవ రేగింది. తెల్లారేసరికి ఊళ్ళో ఫ్రెంచివాడన్నవాడు మిగల్లేదు. ఆంజూ చార్లెస్ పన్నులతో, అధికారుల పొగరుతో విసిగిపోయిన దీవి మొత్తం తిరగబడింది. ఆగస్టు చివర్లో పెరె ఓడలు సిసిలీలో త్రాపని రేవున దిగాయి. ఆయన అల్లుడి హోదాలో వచ్చాడు, రాజై కూర్చున్నాడు.

అప్పటి పోపు నాలుగో మార్టిన్ ఫ్రెంచివాడు, చార్లెస్ చలవతో ఆ పీఠమెక్కినవాడు. ముందు పెరెను మతం నుంచి వెలివేశాడు. 1283లో రాజ్యభ్రష్టుణ్ణి చేస్తున్నానన్నాడు. ఆ మరుసటి ఏడు అరగాన్ కిరీటాన్ని ఫ్రాన్సు రాజు మూడో ఫిలిప్ కొడుకు, వాల్వా చార్లెస్‌కు కట్టబెట్టాడు. ఈ కుర్రవాడి తల్లి ఇసబెల్ పెరెకు సొంత చెల్లెలు, అప్పటికే చనిపోయింది. అంటే మేనమామను గద్దె దింపి మేనల్లుణ్ణి ఎక్కించడానికి బావగారు సైన్యంతో బయల్దేరాడన్నమాట. దానికి పోపు క్రూసేడు అని పేరు పెట్టాడు. జెరూసలేం కోసం పోరాడినవాళ్ళకు దక్కే పాపపరిహారమే కాటలోనియా మీదికి పోయేవాళ్ళకూ దక్కుతుందని ఊరూరా చాటించాడు. క్రైస్తవ రాజు మీద, క్రైస్తవ ప్రజల మీద ప్రకటించిన క్రూసేడు ఇది. ఒక కుటుంబ తగాదాకు మతం రంగు పూసి వేలమందిని చావుకు తోలిన ఆ పనిని నేను ఏ కోణంలోనూ సమర్థించలేను.

పెరెకు ఇంట్లోనూ సుఖం లేదు. సిసిలీ ఖర్చులు మోయలేమని ప్రభువులు, పట్టణాల పెద్దలు ఎదురు తిరిగారు. 1283లో రాజు తల వంచి వాళ్ళ హక్కులన్నీ రాసివ్వాల్సి వచ్చింది. ఆ రాతల్లో ఒక షరతు, ఇక మీదట యూదులకు రాజోద్యోగాలు ఇవ్వకూడదని. అప్పటిదాకా రాజుగారి లెక్కలు, పన్నులు, అప్పులు చూసింది జిరోనా, బార్సిలోనా యూదు కుటుంబాలే. పలమోస్ రేవు పనిని దగ్గరుండి నడిపించిన అస్త్రుక్ రవాయా కూడా జిరోనా యూదుడే. ప్రభువులకు రాజు మీదున్న కోపం రాజు దగ్గర పనిచేసేవాళ్ళ మీద తీరింది. 1285 వసంతంలో బార్సిలోనాలో బెరెంగేర్ ఒల్యేర్ అనేవాడు కూలీనాలీ జనాన్ని కూడగట్టుకుని ధనిక వర్గం మీద తిరగబడ్డాడు. పెరె హుటాహుటిన వచ్చి అతణ్ణీ, అతని అనుచరులు ఏడుగుర్నీ ఈస్టర్ పండగ రోజుల్లోనే ఉరి తీయించాడు. ఫ్రెంచి సైన్యం సరిహద్దు దాకా వచ్చిన వేళ వెనక మంట ఉండకూడదన్నది రాజు లెక్క.

మరో మంట తమ్ముడిది. ఫ్రెంచివాళ్ళకు దారి ఇస్తానని జౌమె లోపాయికారీగా ఒప్పుకున్నాడని పెరెకు తెలిసిపోయింది. కొద్దిమంది రౌతుల్ని వెంటేసుకుని పెరె పెర్పిన్యాన్ కోటలోకి జొరబడ్డాడు. తమ్ముడు జబ్బుగా ఉన్నానంటూ గదిలో తలుపేసుకున్నాడు. తెల్లవారి తలుపు తెరిచి చూస్తే పక్క ఖాళీ! కోట కింద మురుగునీరు పోయే తూములోంచి పాక్కుంటూ జౌమె ఊరి బయటపడ్డాడు. భార్యాబిడ్డల్ని అన్న చేతుల్లోనే వదిలేసి మరీ పారిపోయాడు. ఆ కోట ఇవాళ్టికీ పెర్పిన్యాన్‌లో మయోర్కా రాజుల మేడగా నిలిచి ఉంది.

ఇక దండు కదిలింది. మే నెలలో ఎల్నా పట్నం మీద పడి జనాన్ని ఊచకోత కోసింది. పెరె తన కొద్దిపాటి బలగంతో పనిస్సార్స్ కనుమను మూసి కూర్చున్నాడు. రోమన్ల కాలంలో పాంపే తన విజయస్తంభం కట్టించుకున్న కనుమ అది, దాని పునాదులు ఇంకా నేలలో కనిపిస్తాయి. ఎదురుగా నిలబడి ఆ కనుమ దాటడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ కొండల దారులు ఎరిగినవాళ్ళు ఫ్రెంచివాళ్ళకు మస్సానా అనే మరో కనుమ చూపించారు. జూన్‌లో సైన్యం అటునుంచి దిగి ఎంపొర్దా మైదానంలో పరుచుకుంది.

దిగగానే దారిలో ఉన్న పెరలాద పట్నం కాలిపోతూ కనిపించింది. శత్రువుకు నిలువ నీడ దొరక్కూడదని ఊరి ప్రభువే నిప్పు పెట్టించాడని బెర్నాత్ దెస్‌క్లోట్ చరిత్ర చెబుతుంది. రాజుగారి సొంత కాల్బలం అల్మొగావర్లే దోపిడీకి తగలబెట్టారని రమోన్ ముంతనేర్ చరిత్ర చెబుతుంది. ముంతనేర్‌ది ఆ ఊరే. జౌమె మహారాజు, కాస్తియా రాజు బస చేసిన ఇల్లు వాళ్ళ నాన్నది. ఇరవై ఏళ్ళ వయసులో ఆ ఇల్లు బూడిద కావడం చూశాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1325లో, ఎక్కడో వలెన్సియా పక్క పల్లెలో కూర్చుని తన చరిత్ర రాయడం మొదలుపెట్టినా ఆ మంటల్ని మర్చిపోలేదు. దెస్‌క్లోట్ రాజాస్థానం వైపు నుంచి మాట్లాడతాడు, ముంతనేర్ ఇల్లు పోయినవాడి వైపు నుంచి. ఈ ఒక్క విషయంలో నేను ముంతనేర్ మాటకే ఎక్కువ విలువిస్తాను.

అల్మొగావర్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. వీళ్ళు కొండల్లో, అడవుల్లో ముస్లిం సరిహద్దుల మీద దాడులు చేస్తూ బతికిన మనుషులు. ఎండాకాలమైనా చలికాలమైనా ఒంటి మీద ఒక్క పొట్టి చొక్కానే. కాళ్ళకు తోలు పట్టీలు, తోలు చెప్పులు. నడుముకు గట్టి పటకా, దానికి నిప్పు రాజేసే చెకుముకి. ఒక ఈటె, రెండు విసురుడు బల్లేలు, ఒక పెద్ద కత్తి. వీపున తోలు సంచి, అందులో రెండు మూడు రోజులకు సరిపడా రొట్టె. డాలు లేదు, ఇనుప తొడుగు లేదు. యుద్ధానికి ముందు చెకుముకి రాయికి కత్తి గీసి నిప్పురవ్వలు రాలుస్తూ ఇనుమును నిద్రలేవమని అరిచేవాళ్ళు. నిలువెల్లా ఇనుము తొడిగిన ఫ్రెంచి సర్దారుకు ఈ చింపిరి మనిషి తన గుర్రం పొట్టలో బల్లెం ఎలా దించాడో అర్థమయ్యేలోపు కథ ముగిసేది. అయితే వీళ్ళు శత్రువుకు ఎంత ప్రమాదమో, సొంత ఊళ్ళకూ అంతే ప్రమాదం. జిరోనా కాపలాకు చేరిన అల్మొగావర్లు అక్కడి యూదుల వాడ మీద పడి దోచుకున్నారు.

జూన్ చివర్లో ఫిలిప్ జిరోనాను చుట్టుముట్టాడు. ఇప్పుడు జిరోనా పాత ఊళ్ళో నడిచేవాళ్ళు ఫోర్సా వీధిలో రాతి మెట్లెక్కుతూ పోతారే, అదే రోమన్ల నాటి రాజమార్గం, ఆ దారి మీద ఎవరు కూర్చుంటే కాటలోనియా తాళంచెవి వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఇవాళ అందరూ తలెత్తి చూసే ఆ కెథెడ్రల్ మహామండపం అప్పటికి లేదు, అంతకుముందున్న పాత గుడి గోపురం ఒకటి దాని పక్కన మిగిలింది. రాజు ఊరి జనాన్ని ముందే ఖాళీ చేయించి కోటను కార్దోనా ప్రభువు రమోన్ ఫోల్క్‌కు అప్పగించాడు. గోడల బయట పడిన దెబ్బల గుర్తులు ఇప్పటికీ దొరుకుతాయి. అరబ్ స్నానఘట్టాలని పిలిచే ఆ చక్కటి కట్టడం 1194 నాటికే ఉంది, ఈ ముట్టడిలో పాడైతే 1290ల్లో మళ్ళీ బాగు చేశారు. మధ్యలో కొలను, దాని చుట్టూ సన్నటి స్తంభాలు, పైన వెలుగు దిగే గూడు. అక్కడ నిలబడితే ఇంత నాజూకైన పనితనం ఆ వేసవి తర్వాత మళ్ళీ లేచి నిలబడిందా అని ఆశ్చర్యమేస్తుంది.

ముట్టడి వేసినవాళ్ళ కష్టం వేరు. వేల గుర్రాలు, అంతకు ఎన్నో రెట్లు మనుషులు. ఎంపొర్దా పొలాల్లో పంట కొంత కాలిపోయింది, కొంత కొండలకు తరలిపోయింది. మేతకు బయల్దేరిన జట్లు అల్మొగావర్ల చేతికి చిక్కి తిరిగొచ్చేవి కావు. కనుమల గుండా వచ్చే బళ్ళకూ అదే గతి. ఇక మిగిలింది సముద్రం. నార్బోన్, ఐగ్-మోర్త్, మార్సెయ్ రేవుల్లో గోధుమ, బార్లీ, వైన్ పీపాలు ఎక్కించుకుని ఓడలు రోసెస్ అఖాతంలో దిగేవి. రోసెస్ ఎంపూరియెస్ ప్రభువుది, పెద్ద రేవు, ఫ్రెంచివాళ్ళు దాన్ని కొట్లతో నింపేశారు. అక్కణ్ణుంచి దక్షిణంగా పలమోస్, సాంట్ ఫెలియు ద గిషోల్స్ దాకా వాళ్ళ కాపలా ఓడలు వరసగా నిలిచాయి. ఎంపొర్దా తీరంలో ప్రభువుల రేవులే ఉన్నాయి, నాదంటూ ఒకటుండాలని పెరె ముచ్చటపడి కట్టుకున్న పలమోస్, ఆరేళ్ళు నిండకముందే శత్రువుకు ధాన్యం దించే గట్టయింది.

ఈ యుద్ధం గురించి రాసినవాళ్ళు కోటల గురించి, సర్దారుల శౌర్యం గురించి ఎక్కువ రాశారు. కానీ ఫ్రాన్సు సైన్యాన్ని ఓడించింది ఆకలి. రోసెస్ నుంచి జిరోనాకు పోయే బండి ఆగిపోతే జిరోనా గెలిచినా ఓడినా ఒకటే. పెరెకు ఇది బాగా తెలుసు. అందుకే కోట వైపు పోకుండా సముద్రం వైపు చూశాడు.

బార్సిలోనా నావికులు రమోన్ మర్కెత్, బెరెంగేర్ మల్యోల్ దగ్గర పట్టుమని డజను గాలీలు కూడా లేవు. అయినా జులైలో వాళ్ళు ఫ్రెంచి కాపలా ఓడల్లో ఒక గుంపును విడదీసి కొట్టారు. గాలీ అంటే తెడ్లతో నడిచే సన్నటి పొడవాటి ఓడ. తెడ్డు వేసేవాళ్ళు జీతానికి కుదిరిన మనుషులే. రెండుసార్లు కాల్చి గట్టిపరిచిన రొట్టె, శనగలు, జున్ను, ఉప్పు వేసిన మాంసం, కొలిచి పోసే వైన్, ఇదీ వాళ్ళ తిండి. నీళ్ళ పీపాలకు చోటు తక్కువ కాబట్టి రెండు మూడు రోజులకోసారి ఒడ్డుకు రాక తప్పదు, అందుకే తీరంలో ప్రతి ఊటకూ, ప్రతి చిన్న ఇసుకతిన్నెకూ విలువ. వీటన్నిటికీ మించి కాటలాన్ల బలం బాణసంధానంలో ఉంది. మిగతా దేశాల ఓడల్లో విల్లు పట్టేవాడే వంతు వేసుకుని తెడ్డూ లాగేవాడు. కాటలాన్ ఓడల్లో అడ్డవిల్లు పట్టేవాడికి తెడ్డు ముట్టే పని లేదు. విల్లు బిగించడం, విరిగితే బాగుచేయడం, గురి చూడడం, అంతే. యుద్ధం వచ్చేనాటికి వాడి చేతులు అలసి ఉండకూడదని ముంతనేర్ నొక్కి నొక్కి చెబుతాడు.

సిసిలీ నుంచి రొజేర్ ద లూరియా వచ్చాడు. ఏడాది కిందటే నేపుల్స్ అఖాతంలో ఆంజూ చార్లెస్ కొడుకును ప్రాణాలతో పట్టుకున్నవాడు. ఆగస్టు ముగిసి సెప్టెంబరు వస్తున్న రోజుల్లో ఒక రాత్రి ఫోర్మిగెస్ రాళ్ళ దగ్గర శత్రు ఓడల్ని అందుకున్నాడు. ఆ కాలంలో రాత్రి సముద్ర యుద్ధం ఎవరూ చేసేవాళ్ళు కాదు, చీకట్లో తనవాడెవడో పరాయివాడెవడో తెలియదు. లూరియా ప్రతి గాలీకి ముందొకటి, వెనకొకటి దీపం పెట్టించాడు. తనవాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టడానికి అది ఆనవాలు, శత్రువు కళ్ళకు మాత్రం ఓడలు రెట్టింపు. అరగాన్ పేరు అరుస్తూ మీద పడ్డారు. అడ్డవిళ్ళ దెబ్బకు మార్సెయ్ ఓడల తట్టు నిలవలేదు. ఫ్రాన్సు కొలువులో ఉన్న జెనోవా గాలీలు కొన్ని తామూ అలాగే దీపాలు వెలిగించి, అదే కేక వేసి, గందరగోళంలోంచి జారుకున్నాయి. మిగిలినవి చిక్కాయి.

తర్వాత జరిగింది చెప్పడానికి చెయ్యి రాదు గానీ దాటవేయడం న్యాయం కాదు. దెస్‌క్లోట్ రాసిన ప్రకారం గాయపడిన బందీలు మూడు వందలమందిని తాడుకు కట్టి సముద్రంలో ముంచేశారు. గాయపడని 260 మందికి కళ్ళు పొడిపించి, ఒక్కడికి మాత్రం ఒక కన్ను ఉంచి, ఆ ఒంటికన్నువాణ్ణి ముందు పెట్టి ఫ్రాన్సు రాజు దగ్గరికి నడిపించారు. ఎల్నాలో జరిగిన ఊచకోతకు ఇది బదులని సమర్థించేవాళ్ళున్నారు. తెడ్డు లాగి పొట్ట పోసుకునే ఆ మనుషులు ఎల్నాలో ఎవర్నీ చంపలేదు. కాటలోనియా తన గొప్ప వీరుల్లో ఒకడిగా లూరియాను తలుచుకుంటుంది, బార్సిలోనాలో అతని పేర వీధి ఉంది. పేరు తలిచేవాళ్ళు ఆ గుడ్డివాళ్ళ వరసనూ తలుచుకోవాలి.

రాయబారానికి వచ్చిన ఫోయిక్స్ ప్రభువుతో లూరియా చెప్పిన మాట ఇవాళ్టికీ కాటలాన్ బడిపిల్లలకు తెలుసు. అరగాన్ రాజు చిహ్నం తోక మీద లేకపోతే చేప కూడా నీటి పైకి రాలేదని ఆయన గొప్ప. ఆ వారాల్లో మటుకు అది నిజమే అయ్యింది. రోసెస్ అఖాతంలో మిగిలిన ఓడలూ పోయాయి. ధాన్యం ఆగింది.

సెప్టెంబరు 7న జిరోనా లొంగింది. పెట్టుకున్న గడువులోగా రాజు సాయం రాకపోవడంతో కార్దోనా ప్రభువు మర్యాదగా కోట వదిలి వెళ్ళాడు. పంతం నెగ్గించుకున్న ఫిలిప్ ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి తినడానికి తిండి లేదు. అప్పటికే ఆ వేసవి ఎండకు చచ్చిన గుర్రాలు గుడారాల మధ్యే కుళ్ళిపోయాయి, విరేచనాలు, జ్వరాలు సైన్యాన్ని పిండేస్తున్నాయి. ఈ తెగులుకు జిరోనా వాసులు వేరే కారణం చెప్పుకున్నారు. ఫ్రెంచి సిపాయిలు సాంట్ ఫెలియు గుళ్ళో నార్సీస్ మునీశ్వరుడి సమాధిని అపవిత్రం చేశారట. ఆయన దేహంలోంచి ఈగలు గుంపులు గుంపులుగా లేచి కుట్టిన గుర్రాన్నీ, కుట్టిన మనిషినీ అక్కడికక్కడే చంపాయట. 1328లో చెక్కిన ఆ మునీశ్వరుడి సమాధి ఇప్పటికీ అదే గుళ్ళో చూడొచ్చు. అక్టోబరు చివర్లో ఆయన పేర ఊరంతా పండగ, మిఠాయి దుకాణాల అద్దాల వెనక చాక్లెట్ ఈగలు. తమను కాపాడింది రాజూ కాదు, సర్దారూ కాదు, తమ ఊరి దేవుడే అని నమ్మిన జనం మనసు నాకు అర్థమవుతుంది. ఆ ఏడు వాళ్ళ ఇళ్ళను అందరూ దోచుకున్నారు, సొంతవాళ్ళతో సహా.

ఫిలిప్‌కూ జబ్బు తగిలింది. పల్లకీలో పడుకోబెట్టి వెనక్కి మోసుకుపోయారు. పెద్దకొడుకు, తర్వాతి రోజుల్లో అందగాడని పేరు పొందిన ఫిలిప్, మేనమామ పెరెకు కబురు పెట్టాడు, నాన్నను ప్రాణాలతో దాటనివ్వమని. పెరె ఒప్పుకున్నాడు, రాజు పల్లకీ వరకు దాటనిస్తాను గానీ ఆ తర్వాత నా అల్మొగావర్లను ఆపడం నా వల్ల కాదన్నాడు. సెప్టెంబరు 30న, ఆ మర్నాడు, పనిస్సార్స్ కనుమలో పల్లకీ దాటిపోయాక వెనక వచ్చిన సైన్యం మీద కొండలు విరిగిపడినట్టయింది. మూడో ఫిలిప్ అక్టోబరు 5న పెర్పిన్యాన్‌లో చనిపోయాడు.

ఆ ఏడాది మరణాలు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆంజూ చార్లెస్ జనవరిలోనే పోయాడు, పోపు మార్టిన్ మార్చిలో, ఫిలిప్ అక్టోబరులో. తమ్ముడికి బుద్ధి చెప్పడానికి మయోర్కా మీదికి బయల్దేరిన పెరె దారిలో జబ్బుపడి నవంబరులో విలాఫ్రాంకాలో కన్నుమూశాడు, ఆ పని కొడుకు అల్ఫోన్స్ పూర్తి చేశాడు. పెరెను శాంతెస్ క్రెయుస్ మఠంలో ఎర్రటి పోర్ఫిరీ రాతి తొట్టిలో పెట్టారు. అరగాన్ రాజుల సమాధుల్లో దొంగలు తెరవకుండా మిగిలింది అదొక్కటే. ఆయన పాదాల దగ్గర నేలలో లూరియా పడుకున్నాడు. డాంటే తన కావ్యంలో పెరెనూ, ఆంజూ చార్లెస్‌నూ ప్రాయశ్చిత్త లోకంలో పక్కపక్కనే కూర్చోబెట్టి ఒకే పాట పాడించాడు.

రాజులు పోయారు, బాకీలు మిగిలాయి. ఆ ఓడలకూ, ఆ రొట్టెలకూ, జీతాలకూ అప్పు పుట్టించిన వీధుల్లో జిరోనా యూదుల వాడ ఒకటి. ఉద్యోగాలు పోయినా పన్నులు తగ్గలేదు, ఊరివాళ్ళ చూపు మారుతూ వచ్చింది. నూరేళ్ళు గడిచాక, 1391 వేసవిలో, ఆ వాడ మీద జనం విరుచుకుపడ్డారు. ప్రాణాలతో మిగిలినవాళ్ళను రాజాధికారులు ఊరి పైనున్న జిరోనెల్యా బురుజులో దాచారు. పదిహేడు వారాలు వాళ్ళు అందులోనే గడిపారు. వాళ్ళు బురుజు దిగి వచ్చేసరికి తమ ఇళ్ళల్లో ఎవరున్నారు, తలుపు తట్టినప్పుడు ఎవరు తెరిచారు అన్నది వచ్చే భాగంలో.